చెరోకీ జాతికి అక్షరమిచ్చిన సెక్వోయా

ఆదివాసీ దినోత్సవం వచ్చిందంటే మనం మన వీరులను తలచుకుంటాం. కొమరం భీమ్‌కు, బిర్సా ముండాకు, అల్లూరి వెంట నడిచిన గాం గంటం దొర, మల్లు దొరలకు జోహార్లు చెప్పుకుంటాం. వారంతా విల్లు, బాణం, తుపాకీ పట్టి పోరాడినవారు. ఈ ప్రత్యేక సంచికలో మేము మరో రకం వీరుడిని మీకు పరిచయం చేస్తున్నాం. ఆయన మన గడ్డవాడు కాదు. సముద్రాల అవతల, అమెరికా ఖండపు మూలవాసుల్లో పుట్టినవాడు. బడి ముఖం చూడనివాడు, ఒక కాలు సరిగా లేనివాడు, వెండి నగలు చేసుకుని బతికినవాడు. అలాంటి మనిషి ఒంటరిగా కూర్చుని తన జాతి భాషకు లిపి తయారుచేశాడు. ఆయన పేరు సెక్వోయా. ఆయన జాతి చెరోకీ.

వలసవచ్చినవారి నీడలో

1492లో కొలంబస్ ఓడలు అమెరికా తీరపు దీవులను చేరాయి. తాను వెతికిన ఇండియాకే వచ్చాననుకుని అక్కడివారిని ఇండియన్లు అన్నాడు. ఆ పొరపాటు పేరు వందల జాతుల మీద ముద్రలా పడిపోయింది. వారిలో ప్రతి జాతికీ తన పేరు, తన భాష, తన దేవతలు ఉన్నాయి. అలాంటి జాతుల్లో చెరోకీ ఒకటి. అపలాచియన్ పర్వతాల దక్షిణ భాగంలో, నేటి టెన్నెసీ, నార్త్ కరోలినా, జార్జియా ప్రాంతాల్లో వారి ఊళ్లు ఉండేవి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. అడవిలో వేటాడేవారు. వారికి ఏడు గోత్రాలు. గోత్రం తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఊరి సంగతులు ఊరంతా కూర్చుని మాట్లాడుకునేవారు.

1540లో డి సోటో అనే స్పెయిన్ సేనాని బంగారం వెతుకుతూ సైన్యంతో ఆ కొండల మీదుగా వెళ్లాడు. తరువాతి కాలంలో ఇంగ్లీషు వ్యాపారులు వచ్చారు. జింక తోళ్లు తీసుకుని తుపాకులు, బట్ట, ఇనుప సామాను ఇచ్చారు. వారితోపాటు ఆ ఖండం ఎరగని రోగాలూ వచ్చాయి. 1738, 1739 సంవత్సరాల్లో వచ్చిన మశూచి చెరోకీల్లో దాదాపు సగం మందిని తీసుకుపోయిందని చరిత్రకారుల అంచనా. ఆ తరువాత యుద్ధాలు. ప్రతి యుద్ధం చివర ఒక ఒప్పందం, ప్రతి ఒప్పందంతో కొంత భూమి పోవడం. ఆ ఒప్పందాలు ఇంగ్లీషులో రాసి ఉండేవి. పెద్దలు చదవలేని ఆ కాగితాల అడుగున గీత గీసి సంతకం అనిపించుకునేవారు. షావుకారు రాసుకొచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసి పోడు, పొలం పోగొట్టుకున్న తాతల కథలు మన ఏజెన్సీలో ప్రతి ఊరిలో ఉన్నాయి. కాబట్టి ఈ సంగతి మనకు వేరే విడమరిచి చెప్పనక్కరలేదు.

పుట్టుక, బతుకు

సెక్వోయా 1770వ దశకంలో, టెన్నెసీ ప్రాంతంలోని టస్కీగీ అనే చెరోకీ ఊరిలో పుట్టాడని ఎక్కువమంది చెబుతారు. తల్లి పేరు వుటే. తండ్రి గిస్ట్ అనే ఇంటిపేరు గల తెల్లజాతి మనిషి అంటారు. ఆయన భార్యను, బిడ్డను వదిలి వెళ్లిపోయాడు. గోత్రం తల్లి వైపు నుంచి వచ్చేది కాబట్టి చెరోకీల లెక్కలో ఆ బిడ్డ పూర్తిగా తమవాడే. తల్లి దగ్గర, తల్లి భాషలోనే పెరిగాడు. ఇంగ్లీషువారు ఆయనను జార్జ్ గిస్ట్ అనీ, జార్జ్ గెస్ అనీ రాసుకున్నారు. ఆయనకు మాత్రం ఇంగ్లీషు చదవడం, రాయడం జీవితాంతం రాలేదు.

ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. 1979లో టెలికో ఆనకట్ట గేట్లు మూసినప్పుడు ఆ లోయలోని పాత చెరోకీ ఊళ్ల జాగాలన్నీ జలాశయం కింద మునిగిపోయాయి. గోదావరి ఒడ్డున పోలవరం ముంపులో ఊళ్లు వదులుకున్న మన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఆ నీళ్ల కింద ఏముంటుందో తెలుసు.

చిన్నతనం నుంచీ ఆయనకు ఒక కాలు కుంటి. జబ్బు వల్ల అని కొందరు, దెబ్బ తగలడం వల్ల అని కొందరు అంటారు. వేటకు దూరాలు పోలేని ఆ కుర్రవాడు చేతిపనిలో దిట్ట అయ్యాడు. తల్లికి పాడి పనిలో, వ్యాపారంలో సాయపడ్డాడు. వెండిని కరిగించి కడియాలు, గొలుసులు, బిళ్లలు చేయడం తనంతట తానే నేర్చుకున్నాడు. తరువాత కొలిమి పెట్టి కమ్మరి పనీ చేశాడు. బొమ్మలు కూడా బాగా గీసేవాడు. గుర్తులను పోల్చుకునే కన్ను, వాటిని తీరుగా గీసే చేయి ఆయనకు ఆ పనులతోనే అబ్బాయని మేము అనుకుంటాం.

తాను చేసిన వెండి సామాను మీద తన పేరు ముద్ర వేసుకోవాలని ఆయన ఇంగ్లీషు తెలిసిన ఒక చెరోకీ పెద్దను అడిగి, తన పేరు రాయించుకున్నాడని చెబుతారు. ఆ నాలుగైదు గీతలు తన పేరును పలుకుతున్నాయన్న సంగతి ఆయన మనసులో నాటుకుంది. తెల్లవారి పుస్తకాలను, ఉత్తరాలను చెరోకీలు మాట్లాడే ఆకులు అనేవారు. అది తెల్లవారికి దేవుడిచ్చిన మహిమ అని చాలామంది నమ్మేవారు. సెక్వోయా నమ్మలేదు. అది మనుషులు చేసుకున్న పనిముట్టేననీ, మనుషులు చేసినదాన్ని మనుషులు నేర్వవచ్చుననీ ఆయన వాదన. 1809 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టాడని అంటారు.

యుద్ధంలో చూసినది

1813, 1814 సంవత్సరాల్లో అమెరికా సైన్యం క్రీక్ జాతిలో ఒక వర్గం మీద యుద్ధం చేసింది. చెరోకీలు వందల సంఖ్యలో అమెరికా పక్షాన చేరారు. వారిలో సెక్వోయా ఉన్నాడు. 1814 మార్చి 27న హార్స్‌షూ బెండ్ అనే చోట జరిగిన పోరులో ఆండ్రూ జాక్సన్ గెలవడానికి చెరోకీ యోధుల సాయం ఎంతో ఉంది. మూలవాసులు మూలవాసుల మీదనే ఆయుధం ఎత్తారన్నది ఆ చరిత్రలో బాధపెట్టే సంగతి. దాన్ని మేము దాచదలచుకోలేదు. అదే జాక్సన్ పదహారేళ్ల తరువాత అధ్యక్షుడి హోదాలో చెరోకీలను వారి నేల నుంచి వెళ్లగొట్టే చట్టం మీద సంతకం చేశాడు.

ఆ యుద్ధంలో తెల్ల సైనికులు ఇంటికి ఉత్తరాలు రాసుకునేవారు. ఇంటి నుంచి వచ్చినవి చదువుకునేవారు. పైనుంచి వచ్చే ఆజ్ఞలు చదివేవారు. చెరోకీ యోధులకు ఆ మూడూ లేవు. యుద్ధం ముగించుకుని ఇల్లు చేరాక సెక్వోయా మిగతా పనులన్నీ పక్కన పెట్టి లిపి మీదనే కూర్చున్నాడు.

పన్నెండేళ్ల తపస్సు

మొదట ఒక్కో మాటకు ఒక్కో గుర్తు పెట్టాలని చూశాడు. చెట్టుకు ఒకటి, నీటికి ఒకటి, నడకకు ఒకటి. గుర్తులు వందలు దాటి వేలకు పోయాయి. తాను పెట్టిన గుర్తులు తనకే జ్ఞాపకం లేని స్థితి వచ్చింది. పొలం బీడుపడింది. ఊరివారు పిచ్చివాడన్నారు. కొందరు చేతబడి చేస్తున్నాడన్నారు. విసిగిపోయిన భార్య ఆయన రాసుకున్న గుర్తులన్నీ పొయ్యిలో వేసిందని చెరోకీల్లో చెప్పుకునే కథ. మంత్రగాడన్న అనుమానం ఒక మనిషిని ఏ ప్రమాదంలోకి నెడుతుందో మన గూడేల్లో తెలియనిదెవరికి? అయినా ఆయన మానలేదు.

తరువాత తన దారి మార్చుకున్నాడు. మనుషుల మాటలను మాటలుగా వినడం మాని, అందులోని పలుకు ముక్కలను వినడం మొదలుపెట్టాడు. ఎన్ని వేల మాటలున్నా వాటన్నిటిలో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు కొన్నేనని కనిపెట్టాడు. వాటిని లెక్కగడితే 86 తేలాయి. తరువాత ఒకటి వదిలేయగా 85 మిగిలాయి. ఒక్కో ముక్కకు ఒక్కో గుర్తు.

తెలుగు చదివినవారికి ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. మన గుణింతంలో కూడా కి, కు, కో ఒక్కో అక్షరంగా పలుకుతాయి. తేడా ఒక్కటే. మనకు క అనే ఆకారం గుణింతమంతా కనిపిస్తుంది, గుడి, కొమ్ము మాత్రమే మారుతాయి. సెక్వోయా లిపిలో గ, గి, గో, గు అన్నవాటికి ఒకదానితో ఒకటి పోలికలేని వేర్వేరు గుర్తులు ఉంటాయి. వట్టి స అనే పొల్లు ధ్వనికి మాత్రం విడిగా ఒక గుర్తు పెట్టాడు.

కొన్ని ఆకారాలు తానే కల్పించాడు. కొన్ని తన చేతికి దొరికిన ఇంగ్లీషు పుస్తకంలో చూసి తీసుకున్నాడు. అయితే ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఏమి పలుకుతాయో ఆయనకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. అందుకే ఇంగ్లీషు డి ఆకారం చెరోకీలో అ అని పలుకుతుంది. డబ్ల్యూ ఆకారం లా అవుతుంది. హెచ్ ఆకారం మి అవుతుంది. అరువు తెచ్చుకున్నది గీతనే. దాని పలుకు, దాని ప్రాణం చెరోకీవి.

తండ్రీ కూతుళ్ల పరీక్ష

ఈ లిపిని మొదట నేర్చుకున్నది ఆయన చిన్న కూతురు అయోకా. అప్పటికి ఆమెకు ఆరేళ్లు అంటారు. 1821లో సెక్వోయా ఆమెను వెంటబెట్టుకుని పెద్దల ముందుకు వెళ్లాడు. పెద్దలు నమ్మలేదు. తండ్రీ కూతుళ్లు ముందే అనుకుని వచ్చారేమోనని సందేహించారు. అందుకని బిడ్డను మాట వినబడనంత దూరం పంపించారు. పెద్దలు తమకు తోచిన మాటలు చెప్పారు, తండ్రి రాశాడు. బిడ్డను పిలిచి ఆ కాగితం చేతికిచ్చారు. చెప్పింది చెప్పినట్టు చదివింది. తరువాత తండ్రిని దూరం పంపి కూతురి చేత రాయించారు. ఆయన వచ్చి చదివాడు. అప్పటికీ అనుమానం తీరక కొందరు యువకులను ఇచ్చి నేర్పమన్నారు. కొద్ది రోజుల్లోనే వారూ చదవడం, రాయడం మొదలుపెట్టారు. ఆ తరువాత ఇక ఎవరూ అడ్డు చెప్పలేదు.

అప్పటికే కొంతమంది చెరోకీలు తెల్లవారి ఒత్తిడి పడలేక మిసిసిపీ నది దాటి ఆర్కన్సాకు వలసపోయారు. సెక్వోయా అక్కడికి వెళ్లి వారికీ లిపి నేర్పాడు. అటువారి ఉత్తరాలు ఇటు, ఇటువారి ఉత్తరాలు అటు నడిచాయి. వందల మైళ్ల ఎడబాటున్న అన్నదమ్ములు తమ భాషలో క్షేమం అడుగుకోగలిగారు.

ఈ లిపి పాకిన వేగం చూసి మిషనరీలే ఆశ్చర్యపోయారు. బడి లేదు, పంతులు లేడు, పుస్తకం లేదు. పొయ్యి పక్కన, చెట్టు కింద ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు. భాష వచ్చినవాడికి 85 గుర్తులు వస్తే చాలు, చదువు వచ్చినట్టే. 1825లో చెరోకీ జాతి ఈ లిపిని అధికారికంగా స్వీకరించింది. కొద్ది ఏళ్లలోనే జాతిలో ఎక్కువమంది చదవగలిగే స్థితికి వచ్చారు. సెక్వోయాను గౌరవించాలని జాతి సభ ఆయన పేరిట ఒక వెండి పతకం చేయించింది.

1828 ఫిబ్రవరి 21న న్యూ ఎకోటా అనే చెరోకీ రాజధానిలో చెరోకీ ఫీనిక్స్ పత్రిక తొలి సంచిక వెలువడింది. ఒక పక్క చెరోకీ, ఒక పక్క ఇంగ్లీషు. అమెరికా మూలవాసులు నడిపిన తొలి వార్తాపత్రిక ఇదే. సంపాదకుడు ఇలయాస్ బౌడినాట్ అనే చెరోకీ యువకుడు. అచ్చు అక్షరాలు బోస్టన్‌లో పోతపోయించి తెచ్చారు. తమ భూమి మీద పడుతున్న చట్టాలను చెరోకీలు తమ లిపిలో చదువుకుని చర్చించుకున్నారు.

లిపి ఉన్నా నేల దక్కలేదు

మూలవాసులు అనాగరికులు, వారికి చదువు లేదు, భూమిని వాడుకోవడం రాదు, అందుకే ఆ భూమి మాకు చెందాలి అని వలసవచ్చినవారు ఎంతోకాలంగా చెబుతూ వచ్చారు. చెరోకీలు ఆ సాకు లేకుండా చేశారు. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు. న్యాయస్థానాలు పెట్టుకున్నారు. పత్రిక నడిపారు. సంపన్న చెరోకీ కుటుంబాలు కొన్ని తెల్లవారిని చూసి నల్లజాతి బానిసలను పెట్టుకునే దురాచారం దాకా పోయాయి. ఏమి చేసినా లాభం లేకపోయింది. వారి భూమిలో బంగారం బయటపడింది. 1830లో మూలవాసులను మిసిసిపీ అవతలికి తరలించే చట్టం వచ్చింది. 1832లో అమెరికా సుప్రీంకోర్టు జార్జియా చట్టాలు చెరోకీ భూమిలో చెల్లవని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు అమలు కాలేదు. 1835లో కొద్దిమంది చేత ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. ఆ ఏడాదే పత్రిక అచ్చుయంత్రాన్ని జార్జియా బలగాలు పట్టుకుపోయాయి. 1838లో సైనికులు ఇళ్ల మీద పడి జనాన్ని దొడ్లలో పశువులను తోలినట్టు శిబిరాల్లోకి తోలారు. సుమారు 16,000 మందిని పడమరకు నడిపించారు. దాదాపు 4,000 మంది శిబిరాల్లోను, దారిలోను చనిపోయారని అంచనా. ఆ దారినే కన్నీటి బాట అంటారు.

సెక్వోయా ఆ బాటలో నడవలేదు. ఆయన అప్పటికే ఆర్కన్సాలో స్థిరపడ్డాడు. అక్కడా నేల నిలవలేదు. 1828లో ఆర్కన్సా చెరోకీల ప్రతినిధుల్లో ఒకడిగా వాషింగ్టన్ వెళ్లి, ఆ భూమి వదిలి మరింత పడమరకు, నేటి ఓక్లహోమాకు పోయే ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆ సంతకానికి స్వజనంలో చాలామంది మండిపడ్డారు. మహనీయుల జీవితంలోనూ ఇలాంటి పుటలు ఉంటాయి. ఆ ప్రయాణంలోనే ఒక చిత్రకారుడు ఆయన బొమ్మ గీశాడు. తలపాగా, నోట పొగగొట్టం, చేతిలో తన అక్షరాల పలక. అసలు చిత్రం 1865లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దాని నకళ్లే నేడు మనం చూసే బొమ్మ.

1829లో సాలిసా దగ్గర దుంగలతో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. సేద్యం చేస్తూ, ఉప్పు వండుతూ, వచ్చినవారికి అక్షరాలు నేర్పుతూ గడిపాడు. 1839లో కన్నీటి బాట దాటి వచ్చినవారికీ, ముందే వచ్చి ఉన్నవారికీ మధ్య గొడవలు రేగాయి. 1835 ఒప్పందం చేసినవారిని చంపేశారు. వారిలో పత్రిక సంపాదకుడు బౌడినాట్ కూడా ఉన్నాడు. అలాంటి రోజుల్లో చీలిన జాతిని కలపడానికి పూనుకున్న పెద్దల్లో సెక్వోయా ఒకడు. ఆ ఏడాది కుదిరిన ఐక్యతా పత్రం మీద ముందే వచ్చినవారి తరఫున ఆయన సంతకం ఉంది. 

చివరి ప్రయాణం

మెక్సికో వైపు వెళ్లిపోయిన కొన్ని చెరోకీ కుటుంబాలు ఉన్నాయని ఆయనకు తెలుసు. వారిని వెతికి పట్టుకోవాలని, జాతిలో కలపాలని ఆయన కోరిక. 1842లో కొడుకును, మరికొందరిని వెంటబెట్టుకుని బయలుదేరాడు. అప్పటికి వయసు డెబ్బై దరిదాపుల్లో ఉంది. కుంటి కాలు, దగ్గు, ఎండ నేల. 1843లో మెక్సికోలోని శాన్ ఫెర్నాండో దగ్గర కన్నుమూశాడు. తమ వృద్ధుడు తిరిగి రాలేదని జాతి మనుషులను పంపి వెతికించింది. మరణ వార్త మాత్రమే వచ్చింది. ఆయన సమాధి ఎక్కడుందో నేటికీ ఎవరికీ తెలియదు.

సమాధి లేకపోయినా గుర్తులు చాలా ఉన్నాయి. సాలిసాలోని ఆ దుంగల ఇల్లు భద్రంగా ఉంది. 1905లో మూలవాసులు తమకొక రాష్ట్రం కావాలని కోరి దానికి సెక్వోయా అని పేరు పెట్టుకున్నారు, అమెరికా ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1917లో వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో ఓక్లహోమా తరఫున ఆయన విగ్రహం నిలిచింది. చెరోకీ వైద్యులు తమ మందులు, మంత్రాలు ఈ లిపిలోనే నోటుపుస్తకాల్లో రాసి పెట్టుకున్నారు. నేల పోయిన తరువాత కూడా ఆ జ్ఞానం మిగిలింది అందుకే.

మన మాట

లిపి ఉంటే చాలు, భాష బతుకుతుందని మేము చెప్పడం లేదు. నేడు చెరోకీ మాతృభాషగా మాట్లాడేవారు రెండు వేల మంది అటూ ఇటూ. వారిలో ఎక్కువమంది వృద్ధులు. 2019లో మూడు చెరోకీ ప్రభుత్వాలు కలిసి భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. పిల్లలను బోర్డింగ్ బడుల్లో పెట్టి సొంత భాష మాట్లాడితే శిక్షించిన కాలపు ఫలితం అది. ఇప్పుడు చెరోకీలోనే పాఠాలు చెప్పే బడులు నడుపుతున్నారు. ఫోన్లలో ఆ లిపిలోనే సందేశాలు పంపుకుంటున్నారు.

మన దగ్గరా సెక్వోయాలు ఉన్నారు. సంతాలీకి ఓల్ చికి చేసిన రఘునాథ్ ముర్ము ఉన్నారు. 1936లో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపి ఇచ్చిన మంగేయి గొమాంగో ఉన్నారు. సవర నేర్చుకుని, ఆ పిల్లల చదువు కోసం పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం మరువలేం. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండు పెద్దలు దాచుకున్న చేతిరాత పుస్తకాల్లో ఒక లిపి బయటపడింది. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు గోండి పిల్లవాడు తన లిపిలో కంప్యూటర్ మీద రాయగలడు. రాసేవాడు, చదివేవాడు కావాలి. అది ప్రభుత్వం ఒక్కటే చేసే పని కాదు. సెక్వోయా లిపి బడిలో పుట్టలేదు. ఒక తండ్రి తన ఆరేళ్ల కూతురికి ఇంట్లో నేర్పాడు. అక్కడ మొదలైంది.

ఈ సంచిక చదివే ప్రతి ఇంటినీ మేము కోరేది అదే. ఈ పండుగ రోజున మన అవ్వ చెప్పే ఒక పాటనో, ఒక కథనో, ఇంటి దేవర పేరునో మన భాషలో మన బిడ్డ చేత రాయిద్దాం. గుంజాల లిపి వస్తే ఆ లిపిలో, రాకపోతే ఇప్పటికి తెలుగు అక్షరాల్లోనైనా రాయిద్దాం. అదే ఆ కుంటి కంసాలికి మనమిచ్చే నివాళి.

సెక్వోయాకు జోహార్లు. అయోకాకు జోహార్లు.